పాఠకుల ప్రశ్నలు: ట్యాంకరు ఓడ ఇప్పుడెక్కడ?

సముద్రం మీద పోయే ట్యాంకర్ల జాడ గురించి గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

మా అబ్బాయి క్రూడాయిల్ ట్యాంకరులో సరుకు పంపులు నడిపే పంప్‌మ్యాన్. ఓడల యాప్‌లో రోజూ చూస్తుంటాను. మూడు రోజులుగా ఓడ అరేబియా సముద్రంలో ఒకేచోట ఉంది. ఫోనూ రాలేదు. భయంగా ఉంది. ఏమైనట్టు?
— ఒక తల్లి, బరంపురం

అమ్మా, మ్యాపు మీద ఓడని చూపే చుక్కని వదిలి ముందు దాని పక్కనున్న టైము చూడండి. ఓడ బొమ్మ మీద నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. చివరి కబురు ఎప్పుడందిందో అందులో ఉంటుంది. అది మూడు రోజుల కిందటిదైతే ఓడ ఆగిపోయిందని కాదు, ఈ మూడు రోజులూ దాని కబురు ఆ యాప్‌వాళ్ళకి అందలేదని అర్థం. చివరిసారి వినిపించిన చోట బొమ్మని అలా వదిలేస్తారు.

కబురు ఎందుకు అందదో చెబుతాం. ఓడలో ఏఐఎస్ అనే యంత్రం ఉంటుంది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నులు, ఆపైన ఓడలన్నింటికీ 2004 చివరికల్లా ఇది తప్పనిసరైంది. జీపీఎస్ నుంచి స్థానం తీసుకుని 161.975, 162.025 మెగాహెర్ట్జ్ వీహెచ్ఎఫ్ రేడియో ఫ్రీక్వెన్సీల మీద చాటింపు వేస్తుంది. 14 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) లోపు వేగంతో తిన్నగా పోతుంటే 10 సెకన్లకోసారి, లంగరు మీదుంటే 3 నిమిషాలకోసారి. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పెట్టిన ఏర్పాటిది, ఇంటి దగ్గర ఎదురుచూసే మన కోసం పెట్టింది కాదు. వీహెచ్ఎఫ్ భూమి వంపు దాటి పెద్దగా పోదు. ఓడకీ ఓడకీ మధ్య 20 నాటికల్ మైళ్ళు, ఎత్తు మీదున్న తీర స్టేషనుకైతే 40 మైళ్ళ దాకా అందుతుంది. నడిసముద్రంలో దాన్ని వినేవి ఉపగ్రహాలే. ఆ సమాచారం చాలా యాప్‌లలో చందా కట్టినవాళ్ళకే చూపిస్తారు. అందుకే గల్ఫ్ తీరం వదిలిన ఓడ ఉచిత యాప్‌లో మాయమై, మళ్ళీ శ్రీలంక దగ్గరో మన తీరం దగ్గరో తేలుతుంది.

ఈలోగా ఓడ ఎక్కడుందో మీరే అంచనా కట్టొచ్చు. చివరి కబురులో వేగం 12.4 నాట్లు ఉందనుకోండి. మూడు రోజులంటే 72 గంటలు. 72ని 12.4తో గుణిస్తే 893 నాటికల్ మైళ్ళు. మైలుకి 1.852 కిలోమీటర్లు కాబట్టి సుమారు 1650 కిలోమీటర్లు. చుక్క నుంచి ఓడ పోయే దిక్కుగా అంత దూరం ముందుకి జరిపి చూసుకోండి, మీ అబ్బాయి ఆ ప్రాంతంలో ఉంటాడు. కొన్ని యాప్‌లలో టైము యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలుపుకుంటే మన టైము.

టైము తాజాగానే ఉండి వేగం సున్నా, ఒకటి నాట్ల మధ్య ఉంటే ఓడ నిజంగానే ఆగింది. ట్యాంకర్లకు ఇది మామూలే. సరుకు ఎక్కడ దింపాలో ఆర్డరు రాక ఇంజను ఆపి తేలుతూ ఉంటాయి, లేదా రేవు ఖాళీ లేక లంగరేస్తాయి.

రేవులో ఉన్నప్పుడు కూడా చుక్క పోవచ్చు. ఇది ట్యాంకర్లకే ప్రత్యేకం. మామూలుగా ఏఐఎస్ 12.5 వాట్లతో పలుకుతుంది. నూనె ఎక్కించే, దించే జెట్టీ దగ్గర మండే ఆవిరి ఉంటుంది కాబట్టి దాన్ని 1 వాటుకు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. అదే కారణంతో మామూలు సెల్‌ఫోన్ డెక్కు మీదకి తీసుకెళ్ళనివ్వరు. సరుకు దించేటప్పుడు పంప్‌మ్యాన్‌కి క్షణం తీరిక ఉండదు. రేవు చేరాడు, అయినా ఫోను చేయలేదంటే పనిలో ఉన్నాడని ముందుగా అనుకోవాలి. సముద్రపు దొంగలో యుద్ధమో ఉన్న చోట రక్షణ కోసం కెప్టెన్ ఏఐఎస్ ఆపేయడానికి కూడా అంతర్జాతీయ సముద్ర సంస్థ ఐఎంఓ మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. ఆపేసిన సంగతి లాగ్‌బుక్కులో రాయాలి.

యాప్‌కి కనబడని ఓడ లోకానికంతటికీ కనబడనట్టు కాదు. ఎల్ఆర్ఐటీ అనే వేరే యంత్రం 6 గంటలకోసారి ఉపగ్రహం ద్వారా ఓడ జెండా దేశానికి స్థానం పంపుతుంది. అది బయటివాళ్ళకి చూపించరు. రోజూ మధ్యాహ్నం ఓడ ఎక్కడుందో చెప్పే 'నూన్ రిపోర్ట్' కంపెనీకి వెళుతుంది. కాబట్టి బెంగ పడేకన్నా కంపెనీని అడగడం మేలు. ప్రతి కంపెనీలో డీపీఏ అని ఒడ్డున ఉండే బాధ్యుడొకరు ఉండాలి, ఇది ఓడల భద్రత కోసం ఉన్న ఐఎస్ఎం నియమావళి పెట్టిన షరతు. అబ్బాయి ఓడెక్కే ముందే డీపీఏ నంబరు, పంపిన ఏజెంటు నంబరు, ఓడ ఐఎంఓ నంబరు (ఓడకి ఎప్పటికీ మారని గుర్తింపు నంబరు) క్యాలెండరు వెనక రాయించుకోండి. నెలనెలా చందా కట్టమని మాత్రం మేం చెప్పం. ఉపగ్రహం చుక్క కూడా గంటల పాతదై ఉండొచ్చు.

గల్ఫ్ నుంచి విశాఖ వస్తున్న ఓడ శ్రీలంక కిందకి దిగిపోతోంది. దారి తప్పిందా?
— పర్లాకిమిడి

లేదు. మనకీ శ్రీలంకకీ మధ్య పాక్ జలసంధి, రామసేతు దగ్గర లోతు చాలదు. సరుకుతో ఉన్న పెద్ద ట్యాంకరు శ్రీలంక దక్షిణ కొస దొండ్రా హెడ్ చుట్టి, బంగాళాఖాతంలోకి పైకి తిరగాల్సిందే. విశాఖ, పారాదీప్, హల్దియా దేనికైనా అదే దారి. ఆ మలుపు దగ్గర ఉచిత యాప్‌లో కూడా ఓడ బాగా కనిపిస్తుంది. ఎదురుచూసేవాళ్ళు ఆ రోజు చూసుకుంటే చాలు.

మాది నూనెల హోల్‌సేల్ వ్యాపారం. దుమై నుంచి పామాయిల్ ఓడ కాకినాడకి బయల్దేరిందని బ్రోకరు చెప్పాడు. యాప్‌లో చూస్తే గమ్యం సింగపూర్ అనుంది, చేరే తేదీ పోయిన నెలది. బ్రోకరు మాట నమ్మొచ్చా?
— రాయగడ

ఏఐఎస్‌లో కనిపించేవి రెండు రకాలు. స్థానం, వేగం, పోయే దిక్కు యంత్రం తనంతట తాను రాస్తుంది. గమ్యం, చేరే తేదీ, మునిగిన లోతు, లంగరు మీదుందా ప్రయాణంలో ఉందా అన్న స్థితి, ఈ నాలుగూ ఓడలో ఆఫీసరు చేత్తో కొట్టాలి. అవి మార్చడం మర్చిపోవడం రోజూ జరిగేదే. గమ్యానికి 20 అక్షరాలే చోటు. కొందరు రేవు కోడు రాస్తారు, విశాఖకి 'ఐఎన్ వీటీజెడ్' లాగా. కొందరు 'ఫర్ ఆర్డర్స్', అంటే ఆర్డరు కోసం చూస్తున్నాం అని వదిలేస్తారు. మీ బ్రోకరు అబద్ధమాడాడో లేదో గమ్యం గడి తేల్చదు.

దిక్కు చూసి తేల్చుకోండి. దుమై మలక్కా జలసంధి ఒడ్డున ఉంది. అక్కడి నుంచి సింగపూర్ ఆగ్నేయంగా, మన తీరం వాయవ్యంగా. ఓడ జలసంధి ఉత్తర నోరు దాటి 300 డిగ్రీల పైచిలుకు దిక్కులో పోతోందంటే అది సింగపూర్ వెళ్ళడం లేదు. తర్వాత మునిగిన లోతు చూడండి. దుమై చేరేటప్పుడు ఒక అంకె, వదిలేటప్పుడు రెండు మూడు మీటర్లు ఎక్కువ అంకె ఉంటే సరుకెక్కింది. రెండుసార్లూ ఒకే అంకె ఉంటే సరుకెక్కలేదని కాదు, ఆఫీసరు మార్చలేదని కూడా కావచ్చు. అలాంటప్పుడు ఆ గడిని లెక్కలోకి తీసుకోవద్దు.

దుమై నుంచి కాకినాడ సుమారు 1500 నాటికల్ మైళ్ళు. 12 నాట్లతో 125 గంటలు, అంటే ఐదు రోజుల పైచిలుకు. అయితే ఆ లెక్క లంగరు వేసే చోటు వరకే. వ్యాపారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, ఓడ కనిపించింది కదా అని లారీలు మాట్లాడేసుకుంటారు. పామాయిల్ తెచ్చే ట్యాంకరులో పది పన్నెండు ట్యాంకులు, నలుగురైదుగురి సరుకు ఉంటాయి. ఒకే ఓడ కృష్ణపట్నంలో కొంత, కాకినాడలో కొంత, హల్దియాలో కొంత దించుతుంది. హుగ్లీ నదిలో లోతు తక్కువ కాబట్టి, హల్దియా సరుకున్న ఓడలు కొంత బరువు ముందు రేవుల్లో దించుకునే పోతాయి. మీ సరుకు ఎన్నో రేవులో దిగుతుందో యాప్‌లో ఉండదు, ఓడ ఏజెంటు చెప్పాలి.

ఇంకొకటి వేడి. ముడి పామాయిల్‌ని దారిలో 32 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచి, దించే ముందు 50–55కి తెస్తారు. పామోలిన్‌కి 30–35 చాలు. ఆ వేడి ఒక్కసారిగా ఎక్కిస్తే నూనె పాడవుతుంది, కాబట్టి రోజులు ముందుగా మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. వేడి అందకుండా రేవుకొచ్చిన ఓడలో నూనె చిక్కబడి పంపు లాగదు. జెట్టీ దొరికినా ఆలస్యమవుతుంది. ఆ పైన కస్టమ్స్ కాగితాలు, నమూనాల పరీక్ష. కాబట్టి యాప్‌లో లంగరు పడిన రోజు నుంచి రేవువాళ్ళు రోజూ ఇచ్చే ఓడల జాబితా చూడండి. ఏ ఓడ ఏ బెర్తులో, ఏది వెయిటింగులో ఉందో అందులో ఉంటుంది.

పేరుతో వెతకొద్దు. ఒకే పేరున్న ఓడలు బోలెడు. ఐఎంఓ నంబరు అడగండి. ఏడంకెలు. ఓడ పేరు మారినా, యజమాని మారినా, జెండా మారినా ఆ నంబరు మారదు. ఎంఎంఎస్ఐ అనే తొమ్మిదంకెల నంబరు వేరు. దాని మొదటి మూడంకెలు జెండా దేశానివి, భారత్‌కి 419, లైబీరియాకి 636, మార్షల్ దీవులకి 538. జెండా మారితే అదీ మారిపోతుంది.

మేం గోపాలపురం నుంచి ఫైబర్ బోటులో వేటకెళతాం. రాత్రి వలేసుకుని ఉంటే పెద్ద ట్యాంకర్లు మీదకొచ్చేస్తున్నాయి. ఫోనులో ఓడల యాప్ పెట్టుకుంటే ముందే తెలుస్తుందా?
— గోపాలపురం మత్స్యకారులు

ఆ యాప్‌ని నమ్ముకుని వేటకి దిగొద్దు. దానికి నెట్ కావాలి, నాలుగు మైళ్ళు లోపలికెళ్ళాక అది ఉండీ లేనట్టే. ఉన్నా అది చూపించే చుక్క కొన్ని నిమిషాల పాతది. 13 నాట్లతో వచ్చే ఓడ నిమిషానికి 400 మీటర్లు జరుగుతుంది. ఐదు నిమిషాల పాత చుక్కంటే రెండు కిలోమీటర్ల తప్పు.

వాళ్ళవైపు నుంచి చూస్తే ఇంకా కష్టం. పెద్ద ట్యాంకరు పొడవు 330 మీటర్లు, నడిపే గది వెనక కొసన ఉంటుంది. ముక్కు ముందు 500 మీటర్ల దాకా నీళ్ళు కనబడకపోయినా నిబంధన ప్రకారం తప్పు కాదు. ఇంజను వెనక్కి తిప్పినా ఆగడానికి ఓడ పొడవుకి 15 రెట్ల దూరం వరకు పట్టొచ్చు, అంటే ఐదు కిలోమీటర్లు. మిమ్మల్ని చూశాక ఆపుతారని అనుకోవద్దు. తప్పుకోవాల్సింది మీరే.

వచ్చే ఓడని లైట్లతో చదవండి. 50 మీటర్లు దాటిన ఓడకి రెండు తెల్ల లైట్లుంటాయి, ముందుది కిందకి, వెనకది పైకి. ఆ రెండూ ఎడంగా కనబడితే ఓడ పక్కనుంచి పోతుంది. రెండూ ఒకే నిలువు గీతలోకి వచ్చి, ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిసి కనబడితే తిన్నగా మీ మీదకే. నిలువుగా మూడు ఎర్ర లైట్లుంటే, బాగా మునిగి లోతు కోసం దారి మార్చుకోలేని ఓడ. పగలైనా రాత్రైనా ఇంకో పరీక్ష ఉంది. కంపాసులో ఓడ ఏ దిక్కున ఉందో చూడండి, మూడు నిమిషాలాగి మళ్ళీ చూడండి. దిక్కు మారకుండా ఓడ పెద్దదవుతుంటే గుద్దే దారిలో ఉన్నట్టే. పది కిలోమీటర్ల దూరాన కనిపించిన లైటు 25 నిమిషాల్లో మీ దగ్గరుంటుంది. ఆ లోపు వల లాగడం అయ్యే పని కాకపోతే బోయా కట్టి వల వదిలేయాలి. వల ఖరీదు మాకు తెలుసు, అయినా చెబుతున్నాం.

సామానులో మొదట కొనాల్సింది రాడార్ రిఫ్లెక్టరు, ఓడ రాడార్ తరంగాల్ని తిప్పికొట్టి మీ బోటుని కనబడేలా చేసేది. ఫైబరు, చెక్క రాడార్‌కి సరిగా తగలవు. వెదురు గెడ కట్టి వీలైనంత ఎత్తున వేలాడదీయండి. తర్వాత చేతి వీహెచ్ఎఫ్ సెట్టు, ఓడలన్నీ వినే 16వ ఛానల్ మీద. డబ్బుంటే క్లాస్ బి ఏఐఎస్, చిన్న బోట్ల కోసం చేసిన రకం. 2 వాట్లతో పలుకుతుంది, కదులుతున్నప్పుడు 30 సెకన్లకోసారి మీ బోటుని ట్యాంకరు తెర మీద చూపిస్తుంది. ప్రభుత్వం బోట్లకి ఇస్తున్న ఉపగ్రహ ట్రాన్స్‌పాండరు వేరే పని కోసం, ఒడ్డుకి మీ జాడ, ఆపద కబురు చేర్చడానికి. అది బిగించుకున్నాం కాబట్టి ట్యాంకరుకి కనిపిస్తున్నాం అనుకోకండి. ఆపదలో కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

పారాదీప్ ఎదుట నడిసముద్రంలో పెద్ద ట్యాంకరు ఒకటి రెండు రోజులుగా గుండ్రంగా తిరుగుతోంది. స్థితి మాత్రం 'కట్టేసి ఉంది' అని. సముద్రంలో దేనికి కట్టారు?
— ఛత్రపురం

బోయాకి. దాన్ని ఎస్పీఎం అంటారు, సింగిల్ పాయింట్ మూరింగ్. 20 లక్షల పీపాల నూనె మోసే అతి పెద్ద ట్యాంకరు, అంటే వీఎల్‌సీసీ సరుకుతో ఉంటే 20 మీటర్లకి పైగా మునుగుతుంది, రేవులోకి రాలేదు. అందుకే తీరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో బోయా పెట్టి, సముద్రం అడుగున పైపులైను ద్వారా నూనెని ఒడ్డుకి తోస్తారు. ఓడ ముక్కుని బోయాకి కడతారు. గాలి, నీటి ప్రవాహం ఎటు తిరిగితే ఓడ అటు తిరుగుతుంది. జీపీఎస్ యాంటెన్నా ఓడ వెనక భాగాన ఉంటుంది కాబట్టి మీరు చూసే చుక్క ముక్కు కాదు, తోక. ఆ తోక బోయా చుట్టూ మూడు వందల పైచిలుకు మీటర్ల వ్యాసార్థంతో గీత గీస్తుంది.

లంగరు మీదున్న ఓడ కూడా ఇలాగే తిరుగుతుంది, కానీ వలయం ఇంకా పెద్దది. లంగరు గొలుసుని షాకిల్స్‌తో లెక్కిస్తారు, ఒక్కోటి 27.5 మీటర్లు. ఎనిమిది షాకిల్స్ వదిలితే 220 మీటర్లు, దానికి ఓడ పొడవు తోడు. ఆ వలయం చెదిరి చుక్క ఒకే దిక్కుకి జారుతూ పోతే లంగరు జారుతోందని. తుపాను ముందు వాతావరణంలో అది చూడొచ్చు. అసలు తుపానైతే ఓడలు లంగరు లేపి సముద్రంలోకి పోతాయి. అప్పుడు లంగరు చోటంతా ఖాళీ అవుతుంది, ఆ ఖాళీ చూసి కంగారు పడనక్కర్లేదు.

నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. బరంపురంలో మా మేడ మీద యాంటెన్నా పెట్టి ఓడల సిగ్నల్ నేనే పట్టుకోవాలనుంది. ఎంత దూరం అందుతుంది, ఏమేం కావాలి?
— బరంపురం

ముందు లెక్క. మీటర్లలో యాంటెన్నా ఎత్తుకి వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో రేడియో చూపు దూరం వస్తుంది. మీ ఊరి ఎత్తు, మేడ కలిపి సముద్రమట్టానికి 36 మీటర్లనుకుందాం. వర్గమూలం 6, దూరం 24.7. ఓడ యాంటెన్నా కూడా 36 మీటర్ల ఎత్తుంటే ఇంకో 24.7. మొత్తం 49 కిలోమీటర్లు. గోపాలపురం ఒడ్డుకే సుమారు 15 పోతే, సముద్రం మీద మిగిలేది 34. తూర్పున పెద్ద మేడ అడ్డముంటే అదీ తగ్గుతుంది. 1501 మీటర్ల మహేంద్రగిరి శిఖరం మీద ఇదే లెక్క వేస్తే కొండ వాటా ఒక్కటే 160 కిలోమీటర్లు వస్తుంది! అక్కడ కరెంటు ఎవరిస్తారన్నది వేరే సంగతి.

సామాను: ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటరుకి తగిలించే చిన్న రేడియో రిసీవరు) ఒకటి, పాత ల్యాప్‌టాప్ లేదా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, ఏఐఎస్ క్యాచర్ సాఫ్ట్‌వేరు, మ్యాపు మీద చూడటానికి ఓపెన్‌సీపీఎన్. ఈ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. యాంటెన్నా కొనక్కర్లేదు. 162 మెగాహెర్ట్జ్‌కి తరంగం పొడవు 185 సెంటీమీటర్లు, నాలుగో వంతు 46. తీగ మందం వల్ల కొంచెం తగ్గించి నిలువు తీగ 44 సెంటీమీటర్లు కోయండి. ఎస్‌వో 239 అనే యాంటెన్నా సాకెట్టు మధ్య పిన్నుకి దాన్ని అతకండి. నాలుగు మూలల రంధ్రాలకి 46–47 సెంటీమీటర్ల తీగలు బిగించి 45 డిగ్రీలు కిందకి వంచండి. రాగి తీగైనా వెల్డింగు షాపులో దొరికే బ్రేజింగ్ కడ్డీ అయినా చాలు. ఓడలు నిలువు పోలరైజేషన్ వాడతాయి, కాబట్టి యాంటెన్నా పడుకోబెడితే సిగ్నల్ బాగా పడిపోతుంది.

పాడయ్యేది ఎక్కువగా కేబులు దగ్గర. సన్నటి ఆర్‌జీ 58 కేబులు పదిహేను మీటర్లు వేస్తే సిగ్నల్లో దాదాపు సగం దారిలోనే పోతుంది. మేడ మీదే డాంగిల్, రాస్ప్‌బెర్రీ పై ఒక డబ్బాలో పెట్టి కిందకి నెట్ వైరు దింపండి. రెండోది ఎఫ్ఎం. ఊళ్ళో ఆకాశవాణి ఉంది, దాని బలానికి డాంగిల్ చెవిటిదవుతుంది. గెయిన్, అంటే సిగ్నల్ పెంచే మోతాదు, ఎక్కువ పెడితే మరీను. ఎఫ్ఎం బ్యాండ్‌స్టాప్ ఫిల్టరు వేయండి, గెయిన్ మెట్టు మెట్టుగా పెంచి కబుర్ల సంఖ్య ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ ఆపండి. మూడోది డాంగిల్ స్ఫటికం తప్పు. చవకవాటిలో పదుల పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తేడా ఉంటుంది, దాన్ని కొలిచి సాఫ్ట్‌వేరులో సరిచేయాలి. ఒక్క ఓడా రాకపోతే ముందు చూడాల్సింది ఇదే. సవ్యంగా పనిచేస్తే తెర మీద 'ఏఐవీడీఎం' అన్న మాటతో మొదలయ్యే వరసలు పడతాయి. వాన నీళ్ళు సాకెట్టులోకి దిగకుండా తనకి తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. పిడుగులు మొదలైతే యాంటెన్నా వైరు ఊడదీసి బయటే వదిలేయండి.

ఎండాకాలం సాయంత్రాల్లో ఒక్కోసారి పారాదీప్, విశాఖ వైపు ఓడలు కూడా దొరుకుతాయి. సముద్రం మీద చల్లగాలి పైన వేడిగాలి పొర పడి సిగ్నల్‌ని గొట్టంలా దూరం మోసుకొస్తుంది. ఆ రోజు యాంటెన్నా బాగుపడిందని మురిసిపోకండి, మర్నాడు మళ్ళీ 34 కిలోమీటర్లే. వైర్‌లెస్ విభాగం నిబంధనలు అడిగి తెలుసుకుని మొదలుపెట్టండి. వినడం వరకే మీ పని. ఆ ఫ్రీక్వెన్సీల మీద ప్రసారం చేసే ప్రయోగం ఏదీ చేయొద్దు, తప్పుడు ఓడ ఒకటి తెర మీద పుడితే నిజం ఓడ పక్కకి తిరుగుతుంది.

ఓడ ఎడారిలో, విమానాశ్రయం మీద ఉన్నట్టు మ్యాపు చూపిస్తోంది. యాప్ పాడైందా?
— జయపురం

యాప్ కాదు, జీపీఎస్. ఏఐఎస్‌కి స్థానం జీపీఎస్ నుంచే వస్తుంది. ఎవరైనా ఆ ప్రాంతంలో జీపీఎస్‌ని జామ్ చేసినా, దొంగ సిగ్నల్ పంపినా ఓడ అమాయకంగా తప్పు స్థానమే చాటుతుంది. 2025 జూన్‌లో హోర్ముజ్ జలసంధి దగ్గర ఇలా చాలా ఓడలు నేల మీద తేలాయి. గుర్తుపట్టడం తేలిక. ఒకే చోట పదుల ఓడలు ఒకదానిమీదొకటి ఉంటాయి, లేదా అన్నీ ఒకే రకం వలయం గీస్తుంటాయి, లేదా 13 నాట్ల ట్యాంకరు నిమిషంలో 50 కిలోమీటర్లు ఎగిరిపోతుంది. అది ఓడ పని కాదు. ఓడవాళ్ళు ఆ సమయంలో రాడార్‌తో, తీరపు గుర్తులతో నడుపుకుంటారు.

ఇంకో రకం కావాలని చేసేది. ఆంక్షలున్న నూనె మోసే కొన్ని ట్యాంకర్లు ఒక చోట ఉండి ఇంకోచోట ఉన్నట్టు చాటుతాయి, లేదా వారాల తరబడి మౌనంగా ఉంటాయి. తర్వాత బయటపడినప్పుడు మునిగిన లోతు మారి ఉంటుంది. జామింగులో ఆ చుట్టుపక్కల ఓడలన్నీ పిచ్చెక్కినట్టు తిరుగుతాయి. మోసంలో మాత్రం ఒక్కటే, అదీ మరీ నీటుగా.

మా తమ్ముడికి ట్యాంకరులో ఉద్యోగమని ఏజెంటు ఓడ పేరు చెప్పాడు. చేరే ముందు ఆ ఓడ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?
— గుణుపురం

ఐఎంఓ నంబరు ఇవ్వమనండి. 'చేరాక తెలుస్తుంది' అన్నాడంటే అక్కడే ఆగండి. ఇచ్చిన నంబరు నిజమో కాదో కాగితం మీదే చూడొచ్చు. ఉదాహరణకి 9074729. మొదటి ఆరంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. 63, 0, 35, 16, 21, 4 కలిపితే 139. చివరి అంకె 9. నంబరులో ఏడో అంకె కూడా 9, కుదిరింది. కుదరకపోతే ఎక్కడో అంకె తప్పు పడింది, లేదా నంబరు కల్పించారు.

తర్వాత ఈక్వాసిస్ అనే ఉచిత సైటులో ఖాతా తెరవండి. నంబరు కొడితే ఓడ ఏ ఏట కట్టారు, యజమాని ఎవరు, నడిపే కంపెనీ ఏది, పాత పేర్లు, పాత జెండాలు, రేవుల్లో తనిఖీ చేసినప్పుడు దొరికిన లోపాలు, నిర్బంధాలు వస్తాయి. ఐఎంఓ వాళ్ళ ఓడల సమాచార సైటు జీసిస్ (GISIS)‌లో జెండా గడి చూడండి. అక్కడ 'ఫాల్స్' అనుంటే ఏ దేశమూ ఆ ఓడని తనదనడం లేదు. 20 ఏళ్ళు దాటిన ట్యాంకరు, రెండేళ్ళలో మూడు జెండాలు, నెలకో పేరు, ఇన్సూరెన్సు ఎవరిదో తెలియదు, యాప్‌లో వారాల తరబడి ఖాళీ. ఇవన్నీ ఒకే ఓడలో కలిస్తే జీతం ఎంత ఎక్కువ చెప్పినా మా సలహా వద్దనే. జీతం ఆగినా, ఓడ పట్టుబడినా అక్కడ అడిగే దిక్కుండదు.

ఏజెంటుకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ అనే నావికుల నియామక లైసెన్సు ఉండాలి, వాళ్ళ సైటులో జాబితా ఉంది. లైసెన్సు మీది కంపెనీ పేరు, ఒప్పందం మీది పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఒప్పందంలో ఓడ పేరుతో పాటు ఐఎంఓ నంబరు, జెండా దేశం రాసి ఉన్నాయో చూసి, ఒక నకలు ఇంట్లో పెట్టుకున్నాకే తమ్ముణ్ణి రైలెక్కించండి.